సూదిపిట్ట పాడే ఎత్తు

మా వదిన ఉద్యోగం వినడం. మీరు తప్పు చదవలేదు. తెల్లవారుతుండగా కొండ రోడ్డు మీద నిలబడి, ఏ పిట్ట ఎక్కడ కూసిందో విని రాసుకొచ్చినందుకు అటవీ శాఖ ఆవిడకు జీతమిస్తుంది. మా అన్నయ్యను పెళ్లి చేసుకుని మా ఇంటికి వచ్చిన కొత్తలో ఈ సంగతి తెలిసి నేను పడీ పడీ నవ్వాను.

"వింటే జీతమిస్తారా వదినా? అమ్మ తిట్లు పుట్టినప్పట్నుంచీ వింటున్నాను. మీ ఆఫీసులో నన్ను కూడా చేర్చుకోమని చెప్పు."

"నువ్వు తిట్లు వినవమ్మా, తింటావంతే. వినుంటే ఈపాటికి బాగుపడేదానివి," అంది ఆవిడ, తల కూడా ఎత్తకుండా.

కొత్త మరదలన్న మొహమాటం కూడా లేదు మనిషికి! నాకు ముక్కు మీదే కోపం, ఆ సంగతి మా వీధి మొత్తానికి తెలుసు. కానీ ఈవిడ ముందు మాత్రం నా నోరు లేవదని ఆ రోజే అర్థమైపోయింది.

వదిన వాళ్ల నాన్నది గడియారాలు బాగుచేసే దుకాణం. చిన్నప్పుడు ఆయన గోడ నిండా గడియారాలు తగిలించి, ఏది వెనకపడుతోందో కళ్లు మూసుకుని చెప్పమనేవాడట. ఈవిడ చెప్పేదట. ఆ తర్వాత అటవీ శాఖలో టైపిస్టుగా చేరింది. అక్కడ పిట్టల్ని వినే ముసలాయన రిటైరైతే, కిటికీ బయట కూసిన ప్రతి పిట్ట పేరూ టైపు కొడుతూనే చెప్పేస్తున్న ఈవిడను ఆ పనిలో పెట్టారు.

మా ఇంటి ముందు గదిలో నా కుట్టు మిషను ఉంటుంది. బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. వదిన పెరట్లో బట్టలారేస్తూ, "మిషనుకి నూనె వెయ్యి, ఏడుస్తోంది పాపం" అని కేకేసేది. అన్నయ్య గురక విని, రేపటికి జలుబు చేస్తుందనేది, చేసేది కూడా. వంటింట్లో అమ్మా నేనూ గుసగుసలాడుకుంటే మేడ మీద నుంచి జవాబు వచ్చేది. అవి పాము చెవులని అమ్మ నెత్తి కొట్టుకునేది. మా ఇంట్లో ఇక రహస్యాలనేవి లేకుండా పోయాయి.

అన్నయ్య బస్సు డ్రైవరు. మధ్యాహ్నం షిఫ్టు ఉన్నన్నాళ్లూ పొద్దున్నే వదినను మా పాత వ్యానులో కొండ మీదికి తీసుకెళ్లేవాడు. షిఫ్టు పొద్దుటికి మారేసరికి ఆ పని నా నెత్తిన పడింది.

మొదటి రోజే గొడవ. వంతెన మలుపు, పాలకేంద్రం, రాతిగోడ, చివరికి కొండ కొమ్మున ఉన్న టవరు. ఇవీ ఆవిడ ఆగే చోట్లు. ఒక్కోచోట దిగి, వ్యానుకు కాస్త దూరంగా నడిచి, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడుతుంది. నేనూ దిగి పక్కన నిలబడ్డాను. తుమ్మొచ్చింది. తుమ్మాను. తుమ్మును ఆపుకోగలిగిన మనిషి ఎవరైనా ఉంటే తీసుకొచ్చి చూపించండి.

"వ్యానులోకి వెళ్లు. అద్దాలు ఎక్కించుకో," అంది వదిన.

"ఒక్క తుమ్ముకేనా?"

"తుమ్మకపోయినా అంతే. వినేది ఒక్క మనిషే వినాలి. నువ్వు పక్కనుంటే అదిగో, అక్కడేదో కూసిందంటావు. నేను వినకపోయినా నీ మాట మీద రాసేస్తాను. నిరుడు రెండు చెవులు విని, ఈ యేడు నాలుగు చెవులు వింటే ఇంక పోల్చి చూసేదేముంటుంది?"

న్యాయమైన మాటే, కాదనను. న్యాయమైన మాటకే నాకు ఒళ్లు ఎక్కువగా మండుతుంది. ఆ రోజు నుంచీ అద్దాలు బిగించుకుని, శాలువా ముసుగేసుకుని, ఆవిడ తలుపు తీసేదాకా వ్యానులో హాయిగా నిద్రపోయేదాన్ని.

వదిన అన్నిటికంటే ఎక్కువగా వినేది సూదిపిట్ట కోసం. అది వాళ్ల ఆఫీసువాళ్లు పెట్టుకున్న పేరు. బొటనవేలంత పిట్ట, ఆకుపచ్చ వీపు, పసుపు గొంతు. పొదల్లో ఆకుల్లో ఆకులా కలిసిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. కూత మాత్రం చాలా సన్నం, ఎక్కడో పై స్థాయిలో ఉంటుంది. ఉందో లేదో చెవితోనే తెలుసుకోవాలి. ఒకప్పుడు మా వీధి చెట్లలో కూడా ఉండేవట. కొన్నేళ్ల కింద ఉన్నట్టుండి చెట్ల కింద రాలిపోయి కనిపించాయి. పిల్లి పనేమో అనుకున్నాం. చూస్తుండగానే లోయంతా ఖాళీ అయిపోయింది. అది దోమలు మోసుకొచ్చిన వైరస్ అని తర్వాత తేలింది.

ఆ సంగతి నాకు విడమరచి చెప్పింది వదిన ఆఫీసులో పనిచేసే కుర్ర శాస్త్రవేత్త. అందరూ అతన్ని దోమల డాక్టరంటారు. ఓ రోజు వదిన కోసం ఆఫీసులో కూర్చుని విసుక్కుంటుంటే, ఎదురుగా గోడ నిండా ఉన్న మ్యాపు మీద నా చూపు పడింది. కొండల వెనక కొండలు, మా దేశం దాటి పక్క దేశాల కొండలు కూడా. వాటి మీద లెక్కలేనన్ని చుక్కలు. కింద అన్నీ బూడిద రంగువి, పైన అన్నీ నీలం. రెండింటికీ మధ్య ఒక గీత. ఆ గీత రోడ్డు వెంట పోదు, నది వెంట పోదు, సరిహద్దుల్ని లెక్కచేయదు. ప్రతి లోయలోకీ దూరి, మళ్లీ బయటికొచ్చి, ఎండ పడే వాలులో కాస్త పైకెక్కి, నీడ వాలులో కాస్త దిగి, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోతోంది.

"ఎవరు గీశారు బాబూ ఇంత ఓపిగ్గా?" అన్నాను.

"ఎవరూ గీయలేదక్కా. సూదిపిట్ట వినపడిన చోట నీలం చుక్క పెట్టాం, ఒకప్పుడు వినపడి ఇప్పుడు వినపడని చోట బూడిద చుక్క పెట్టాం. ఒకళ్ల మొహం ఒకళ్లు ఎరగని వాళ్లు, ఎవళ్ల కొండ మీద వాళ్లు నిలబడి విన్నారు. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే అదే గీతయింది."

"ఆ ఎత్తులోనే ఎందుకు?"

అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "దోమ రోగమున్న పిట్టను కుడితే వైరస్ దాని కడుపులోకి పోతుంది. కానీ వెంటనే ఇంకో పిట్టకి అంటించలేదు. ఆ వైరస్ దోమ ఒంట్లో పెరిగి నోటి దాకా రావాలి. వెచ్చగా ఉంటే గబగబా వస్తుంది, చలిగా ఉంటే ఎంతకీ రాదు. దోమ బతికేదే నాలుగు రోజులాయె. బాగా చలి ఉన్న చోట, వైరస్ నోటి దాకా వచ్చేలోపే దోమ చచ్చిపోతుంది."

"అయితే పందెమన్నమాట."

"పందెమే. కింద వైరస్ గెలుస్తుంది, పిట్ట చస్తుంది. పైన దోమ ముందు పోతుంది, పిట్ట బతుకుతుంది. మధ్యలో ఎక్కడో ఇద్దరూ సమానంగా వస్తారు. అదే ఆ గీత."

నేను లేచి వెళ్లి ఆ గీత మీద వేలు పెట్టి చూశాను. ఉఫ్‌మంటే ఎగిరిపోయే దోమ ఎన్నాళ్లు బతుకుతుందన్నది ఒకటి, దాని కడుపులో కంటికి కనపడనిది ఎంత తొందరగా పండుతుందన్నది ఒకటి. ఈ రెండూ కలిసి దేశాలు దాటి, కొండల మీదుగా భూమి మీద గీత గీశాయి. పైన పాట, కింద నిశ్శబ్దం. కిటికీ అంచు మీద ఒక పావురం కువకువలాడుతోంది. దానికి ఈ రోగమేమీ చేయదట, ఒంట్లో వైరస్ పెట్టుకుని కూడా చక్కగా తిరుగుతుందట. ఆ పావురాన్ని అప్పటి నుంచీ మామూలు పావురంలా చూడలేకపోయాను.

"ఎండలు ముదిరిన యేడు ఈ గీత పైకి జరుగుతుంది," అన్నాడు అతను.

"జరుగుతూ జరుగుతూ పోతే?"

దానికి జవాబు వెనక నుంచి వదిన చెప్పింది. "కొండకి ఒక కొన ఉంటుంది కదా. దాని మీద ఇంక ఆకాశమే. ఆకాశంలో గూడు కట్టుకోలేవు."

ఈ వేసవి మొదట్లో, రాతిగోడ దగ్గర నుంచి వచ్చి వ్యానులో కూర్చున్న వదిన తలుపు వేయడం మరిచిపోయింది. పాలకేంద్రం కిందివైపు ఎప్పుడో ఖాళీ అయింది, అది అందరికీ తెలిసిందే. రాతిగోడ దగ్గర మాత్రం నిరుటి దాకా పిట్టలున్నాయి.

"ఒక్కటీ లేదు," అంది. "కాకి కూసింది, పావురం కూసింది, వడ్రంగిపిట్ట చెట్టు పొడుస్తోంది. సూదిపిట్ట లేదు."

ఆ తర్వాత కొద్ది రోజులకే టవరు దగ్గర కూడా అదే మాట.

దోమల డాక్టరు మా ఇంటికే వచ్చాడు. ముందు గదిలో యూనిఫారాల కుప్ప పక్కకు జరిపి కూర్చోబెట్టాను.

"మిగతా కొండలన్నిట్లో గీత పాలకేంద్రం ఎత్తులోనే ఉంది మేడమ్. మన కొండ మీద మాత్రం ఏకంగా కొమ్ముకి పోయింది. పైన నేను రాత్రిళ్లు పెట్టిన ఉచ్చుల్లో దోమలు పడట్లేదు. నాకేమీ అంతు పట్టట్లేదు. కానీ మీరు లేవన్నారంటే లేవు."

"లేవు," అంది వదిన.

"అయితే ఇంక ఆగడానికి లేదు. వచ్చే వారం వలలవాళ్లు వస్తారు. టవరు వెనక వాలులో ఏమైనా మిగిలుంటే పట్టి పంజరాల్లో పెట్టాలి."

అది ఎలాంటి పనో వదినకి తెలుసు. వలలో పడ్డ పిట్టల్లో కొన్ని భయానికే గుండె ఆగి చస్తాయి. ఇది గుడ్లు పెట్టే కాలం. తల్లిని పట్టుకుంటే గూడు మొత్తం పోయినట్టే. రోగం నిజంగా కొమ్ముకెక్కి ఉంటే అంతకు మించి దారి లేదు. ఎక్కకపోయి ఉంటే మాత్రం బతికున్న పిట్టల్ని మన చేతులతో మనమే చంపినట్టు. రెండింట్లో ఏదన్నది ఆవిడ చెవుల మీదే ఆధారపడి ఉంది.

"పట్టండి," అంది. అని, లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత తిండి మానేసింది. అన్నయ్య బతిమాలాడు, నేను కేకలేశాను, అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. గోడకేసి తిరిగి పడుకునేది. చివరికి ఒళ్లు కాలడం మొదలైంది. నేను థర్మామీటరు తెచ్చి ఆవిడ నోట్లో పెట్టి, ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నాను. అది చివర్లో కీచుమని కూసే రకం. కూసింది. వదిన అలాగే నోట్లో పెట్టుకుని కప్పుకేసి చూస్తోంది. ఇంకో చొక్కా ఇస్త్రీ అయిపోయింది. అయినా తీయదు.

"వదినా, అదేమైనా చాక్లెట్టా చప్పరిస్తున్నావు? కూసి ఎంతసేపయిందో!"

ఆవిడ నోట్లోంచి తీసి నాకేసి చూసింది. "కూసిందా?"

"ఇల్లెగిరిపోయేట్టు కూసింది."

వేళాకోళమాడుతోందనుకున్నాను. ఆవిడ దాన్ని మళ్లీ నోట్లో పెట్టుకుంది, ఈసారి నా మొహాన్నే చూస్తూ. కీచుమంది. నేను తలూపాను. ఆవిడకి తెలియలేదు. గదిలో చిన్నగా కుర్చీ కిర్రుమన్నా తిరిగి చూసే మనిషి, నోట్లో మోగుతున్న దాన్ని వినలేదు.

వదిన మంచం మీద లేచి కూర్చుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాకు చెవుడు వచ్చిందేమోనే!"

అన్న తీరు చూడాలి మీరు! మొహం వెలిగిపోతోంది.

"ఏం మాటలు వదినా అవి! జ్వరం తలకెక్కిందా?"

"పిచ్చిమొహమా, నా చెవులు పోయుంటే పిట్టలు ఉండే ఉండొచ్చు కదే!"

ఆవిడను పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడేమో నా వీపు నిమురుతూ, చెప్పులేసుకో, చెవుల డాక్టరు దగ్గరికి పోదాం పద అంటోంది. ప్రతి యేడూ చెవుల పరీక్ష చేయించుకోమని శాఖవాళ్లు చెబుతూనే ఉంటారు. ఆ చెవులకి పరీక్షేమిటని ఇంట్లో మేమూ, ఆఫీసులో వాళ్లూ నవ్వేసేవాళ్లం. ఆవిడ ఎన్నడూ వెళ్లలేదు.

చెవుల డాక్టరమ్మ వదినను చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, వినపడినప్పుడల్లా మీట నొక్కమంది. నేను బయట నుంచి చూస్తున్నాను. మొదట్లో వదిన టకటకా నొక్కింది. తర్వాత తర్వాత మీట మీద బొటనవేలు అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ శబ్దం పెంచుతూనే ఉంది. వేలు కదలలేదు.

"మాటలూ మామూలు చప్పుళ్లూ మీకు అందరికంటే బాగా వినిపిస్తున్నాయండీ. అందుకే మీకు తెలియలేదు. సన్నని శబ్దాలు మాత్రం పోయాయి. వయసుతో వచ్చేదే, కానీ తిరిగి రావు," అంది డాక్టరమ్మ, జాలిగా.

"బాగా పోయాయాండీ?" అంది వదిన, ముందుకు వంగి.

"బాగానే పోయాయమ్మా."

"సన్నగా, చాలా సన్నగా కూసే పిట్ట ఉందనుకోండి. చెవి పక్కనే కూసినా నాకు వినపడదు కదా?"

"వినపడదండి."

"చాలా సంతోషమండీ!"

డాక్టరమ్మ నాకేసి చూసింది. నేను నుదురు కొట్టుకున్నాను.

బయటికి రాగానే వదిన దోమల డాక్టరుకు ఫోను చేసింది. "బాబూ, వలలు ఆపు. నా చెవుల్ని నమ్మకు."

అతను నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, మీకు వినపడనంత మాత్రాన అవి ఉన్నట్టు కాదు కదా. నిజంగానే పోయుండొచ్చు కూడా. వినేవాళ్లు ఇంకొకరు ఎక్కడో అవతలి కొండల నుంచి రావాలి. ఆలోపే వలలవాళ్లు వచ్చేస్తారు."

నిజమే. ఆ ఆలోచన రాగానే వదిన మొహం వాడిపోయింది. అంతలోనే నన్ను ఎగాదిగా చూసింది. "రేపు పొద్దున్న మా మరదలు వింటుంది," అంది ఫోనులో.

"నేనా? నాకు కాకికీ కోడికీ తేడా తెలియదు!"

"ఒక్క పిట్ట తెలిస్తే చాలు."

ఆ సాయంత్రం ఫోనులో ఉన్న సూదిపిట్ట కూత నాకు వినిపించింది. సన్నగా మొదలై, ఇంకా సన్నగా పైకి పోయి, పుటుక్కున తెగిపోతుంది. అంతకు ముందెప్పుడూ నేను దాన్ని మనసు పెట్టి వినలేదు. మళ్లీ వినమంది, మళ్లీ విన్నాను. ఫోను అంత దగ్గరగా చెవికి ఆనించుకుంటున్న ఆవిడకి మాత్రం ఏమీ వినపడట్లేదు. "చివర్లో తెగుతుంది కదూ?" అని జ్ఞాపకం మీద అడుగుతోంది. తెగుతుందన్నాను. ఆవిడ చాలాసేపు ఆ ఫోనునే చూస్తూ కూర్చుంది.

మర్నాడు వంతెన మలుపు దగ్గర, ఆ తుమ్మిన రోజు తర్వాత మొదటిసారి, అద్దాల బయట నిలబడ్డాను. కింద నీళ్ల చప్పుడు, ఒక కాకి. సూదిపిట్ట లేదు. పాలకేంద్రం దగ్గర పావురాలు కువకువలాడుతున్నాయి. సూదిపిట్ట లేదు. చెట్లు పచ్చగా ఉన్నాయి, పూలున్నాయి, అన్నీ ఉన్నాయి. వాటి మధ్య ఇంత పెద్ద ఖాళీ ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు. మ్యాపు మీద బూడిద చుక్కంటే ఇదన్నమాట. వదిన నా మొహం చూసి వ్యానెక్కింది.

రాతిగోడ దగ్గర గాలి వీస్తోంది. ఎంతసేపు నిలబడ్డా గాలే. ఇంక లాభం లేదు అనుకుంటుండగా, గోడ అవతలి పొదలోంచి సన్నగా ఒకటి లేచి, పైకి పోయి, తెగిపోయింది. మాట్లాడకూడదు కదా. ఒక వేలెత్తాను.

వ్యానులోకి రాగానే వదిన నా భుజం పట్టుకుని కుదిపేసింది. "నిజంగా విన్నావా? ఆశ కొద్దీ వినపడలేదు కదా?"

"ఆశపడ్డానికి నేనేమన్నా నీలాంటిదాన్నా? విన్నానంటే విన్నాను!"

"ఒకటేనా?"

"ఒక్కటే."

ఒక్కటంటే ఆఖరిదీ కావచ్చు. టవరు దాకా ఇద్దరం ముందున్న రోడ్డునే చూస్తూ వెళ్లాం.

టవరు దగ్గర అప్పుడే ఎండ పొదల మీదికి వస్తోంది. కళ్లు మూసుకున్నాను. ఎడమ పక్క నుంచి ఒక కూత. వేలెత్తాను. దానికి కుడి పక్క నుంచి జవాబు. ఇంకో వేలు. టవరు వెనక వాలులోంచి ఒకటి, దాని కింద ఒకటి, నా తల మీద కొమ్మలోంచి ఒకటి. కింద ఆ దేశాలకు దేశాల నిశ్శబ్దం, దాని అంచు మీద, ఈ చలిలో, బొటనవేలంత ప్రాణులు ఒకదాని మీద ఒకటి పడి పాడుతున్నాయి. చూస్తుండగానే నా వేళ్లన్నీ అయిపోయాయి.

కళ్లు తెరిచాను. వదిన పొదలకేసి చూడట్లేదు, నా వేళ్లనే చూస్తోంది. నా చేతులు నిండిపోయాయని గ్రహించి తన చేతులు రెండూ నా ముందుకు చాపింది. నేను ఒక్కో కూతకీ ఆవిడ వేలు ఒక్కోటి ముడుస్తూ పోయాను. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. చప్పుడు కాకూడదని పెదవి పంటితో నొక్కిపట్టి నవ్వుతోంది. చుట్టూ అన్ని పిట్టలు పాడుతుంటే ఆవిడకి ఒక్కటీ వినపడట్లేదు, ఇంకెప్పటికీ వినపడదు.

ఆవిడ పిడికిళ్లు రెండూ మూసుకుపోయాయి. నేను తలెత్తి, ఇంకా ఉన్నాయన్నట్టు కళ్లతోనే చెప్పాను. వదిన పిడికిళ్లు విప్పి, మళ్లీ నా ముందు చాపింది.